పని చేస్తూ నడవడానికి ట్రెడ్‌మిల్: ముందు టేబుల్ కొలవండి

ప్రశ్న: అక్కా, మాది చిత్తూరు. ఒహాయోలో ఉద్యోగంలో చేరి కొన్ని నెలలైంది. ఇంటి నుంచే పని. పొద్దున కుర్చీలో కూర్చుంటే రాత్రికి గానీ లేవడం లేదు. టేబుల్ కింద పెట్టుకుని నడిచే ట్రెడ్‌మిల్ కొందామనుకుంటున్నా. హార్స్ పవర్ ఎక్కువున్నది తీసుకోమని ఆఫీసులో చెబుతున్నారు. నిజమేనా?

జవాబు: తమ్ముడూ, హార్స్ పవర్ సంగతి తర్వాత. ముందు నీ టేబుల్ ఎత్తు చూసుకో. నాకు తెలిసిన ఇళ్లలో ఈ మెషీన్లు మూలన పడింది మోటారు కాలిపోయి కాదు, టేబుల్ కుదరక మెడలు పట్టేసి.

బూట్లు వేసుకుని నిటారుగా నిలబడు. మోచేతులు వంచి, నేల నుంచి మోచేతి దాకా ఎవరితోనైనా టేపు పట్టించు. 5 అడుగుల 8 అంగుళాల మనిషికి అటూ ఇటూగా 43 అంగుళాలు వస్తుంది. మెషీన్ ఎక్కితే ఇంకో 4 నుంచి 6 అంగుళాలు పైకి పోతావు. అంటే నీ కీబోర్డు 48 అంగుళాల దగ్గర ఉండాలి. చాలా స్టాండింగ్ డెస్కులు, అంటే నిలబడి పని చేసేందుకు ఎత్తు పెంచుకునే టేబుళ్లు, లేచేదే అంత వరకు. చౌక రకమైతే ఆ ఎత్తులో నిలకడగా ఉండదు. నువ్వు వేసే ప్రతి అడుగుకీ మానిటర్ అదురుతుంది, అరగంటకల్లా కళ్లు లాగుతాయి. ఉన్న టేబుల్ మీద అట్టపెట్టెలు పేర్చి సర్దుకుందామని మాత్రం అనుకోకు. డబ్బు చాలకపోతే డెస్కు మంచిది కొని, ట్రెడ్‌మిల్ మామూలుది తీసుకో.

పని చేస్తూ నడిచే వేగం గంటకు 1 నుంచి 2 మైళ్లే. టైపు చేసేటప్పుడు 1 దాటితే తప్పులు పడతాయి, మీటింగులో వింటూ ఉంటే 2 దాకా పోవచ్చు. కాబట్టి 7, 8 మైళ్ల వేగానికి, ఎత్తుపల్లాల సౌకర్యానికి డబ్బు పోయడం దండగ. అంత నెమ్మది నడకతో ఏం లాభమని అడుగుతావేమో. మేయో క్లినిక్‌కి చెందిన డాక్టర్ జేమ్స్ లెవిన్ బృందం ఊబకాయం ఉన్న ఆఫీసు ఉద్యోగులను పరీక్షించి 2007లో ఫలితాలు ప్రచురించింది. కూర్చుని పని చేస్తే గంటకు సగటున 72 కేలరీలు, 1.1 మైళ్ల వేగంతో నడుస్తూ చేస్తే 191 ఖర్చయ్యాయి. బక్కపలచని నీకు అంత రాకపోవచ్చు, కానీ మధ్యాహ్నం అన్నం తిని నాలుగు గంటలు కదలకుండా కూర్చోవడం కంటే ఎన్నో రెట్లు మేలు. మన ఇళ్లలో షుగర్ ఎంత మందికి ఉందో నీకు వేరే చెప్పాలా! అయితే వారానికి 150 నిమిషాలు చెమట పట్టేలా చేయాల్సిన వ్యాయామానికి ఇది బదులు కాదు. అది విడిగా చేయాల్సిందే.

ఇప్పుడు హార్స్ పవర్. అమెరికా ఇళ్లలో మామూలు ప్లగ్గు 120 వోల్టులు, 15 ఆంపియర్లు. రెండూ గుణిస్తే 1,800 వాట్లు. ఒక హార్స్ పవర్ 746 వాట్లు. అంటే ఆ ప్లగ్గు మొత్తం పీల్చినా రెండున్నర హార్స్ పవర్ కూడా రాదు. మరి డబ్బా మీద 3 అని ఎలా వేస్తారు? అది ఒక్క క్షణం అందే గరిష్ఠ శక్తి. నువ్వు చూడాల్సింది ఆగకుండా ఎంతసేపు నడవగలదన్నది. నెమ్మదిగా తిరిగేటప్పుడు మోటారుకు గాలి సరిగా తగలదు, పైగా ప్రతి అడుగూ బెల్టును ఆపుతున్నట్టే ఉంటుంది. అందుకే నిదానంగా గంటలు గంటలు నడిస్తే వేడెక్కుతుంది. కొనే ముందు మాన్యువల్ తెరిచి, ఎంతసేపటికోసారి ఆపమన్నాడో చదువు. బరువు పరిమితి 265 పౌండ్లు అంటే 120 కిలోలు. నీ బరువు కంటే పాతిక కిలోలైనా ఎక్కువ మోసేది తీసుకో.

బెల్టు వెడల్పు 16 అంగుళాలైతే స్క్రీను చూస్తూ నడిచేవాళ్లకు ఇరుకు. 18 ఉంటే మంచిది. ఇంకో మాట. అలిపిరి నుంచి 3,550 మెట్లూ వట్టి కాళ్లతో ఎక్కే అలవాటు మనది, అందుకే ఇంట్లో ఉన్న మెషీనే కదా అని చెప్పుల్లేకుండా ఎక్కేస్తాం. వద్దు. కొండ మీద అలసిపోతే మెట్టు మీద కూర్చుంటావు, ఇక్కడ ఒకే చోట బెల్టు అరికాలిని రాస్తూనే ఉంటుంది. మడమలు పగిలి మండుతాయి. ఇంటి కోసం విడిగా ఒక జత బూట్లు పెట్టుకో.

అపార్ట్‌మెంటులో పై అంతస్తులో ఉంటే మందపాటి రబ్బరు మ్యాట్ వెయ్యి. కింది వాళ్లకు వినబడేది మోటారు చప్పుడు కాదు, నీ అడుగుల దబదబ. చెక్క నేలలు మరి. రాత్రి ఇండియా టీమ్‌తో కాల్స్ ఉన్నప్పుడు కూర్చునే మాట్లాడు. బెల్టు కిందకి మాన్యువల్ చెప్పినప్పుడల్లా సిలికాన్ ఆయిల్ వెయ్యి, వంటనూనె, ఇంజిన్ ఆయిల్ పొయ్యకు. వెనక్కి పంపే గడువు దాటేదాకా డబ్బా పారేయకు. పంపే ఖర్చు ఎవరిదో కూడా ముందే కనుక్కో.

అక్కడ కొని తిరుపతిలో నాన్నకు పంపుదామని కొందరు అడుగుతున్నారు. మన దగ్గర 230 వోల్టులు, ఆ మెషీన్ నేరుగా పెడితే కాలిపోతుంది. ఇక్కడే కొంటే రిపేరు మనిషి అయినా ఇంటికి వస్తాడు. ఎస్వీ యూనివర్సిటీలో పొద్దున్నే నడిచే మనిషికి అది కూడా అక్కర్లేదు.

కానీ అమ్మానాన్నలు నీ దగ్గరికి వచ్చి ఉన్నప్పుడు, బయట మంచు పడితే, వాళ్లు నీ మెషీనే ఎక్కుతారు. దీన్ని మాత్రం తేలిగ్గా తీసుకోకు. టేబుల్ కింద పెట్టే రకాలకు చాలావాటికి పట్టుకునే కమ్మీ ఉండదు. వాళ్లు వచ్చే ఆలోచన ఉంటే కమ్మీ లేపుకునేదే కొను. 2021లో పెలోటన్ కంపెనీ అమెరికాలో ట్రెడ్ ప్లస్ అనే తన ట్రెడ్‌మిల్‌ను వెనక్కి పిలిపించింది, ఒక చిన్నారి ప్రాణం పోయాక. వెనక రోలర్ కిందకి ఏది చిక్కినా లాగేస్తుంది. అమ్మ చీర కుచ్చిళ్లతో ఎక్కకూడదు, పంజాబీ డ్రెస్ వేసుకోమను. సేఫ్టీ కీ (ఊడి వస్తే మెషీన్ ఆగిపోయే తాళం) ఉంటే దాని క్లిప్పు బట్టలకు తగిలించి, అర మైలు వేగంతో మొదలుపెట్టించు, దిగేది బెల్టు పూర్తిగా ఆగాకే అని రెండు మూడు సార్లు చేయించి చూపించు. నువ్వు ఇంట్లో లేనప్పుడు ప్లగ్గు తీసేసి వెళ్లు.