ఫ్రెంచ్ రచయిత ఎమిల్ జోలా నవల ‘లాసొమ్వార్’లో జెర్వేజ్ అంతలా చితికిపోవడానికి తాగుడొక్కటే కారణమా?

కాదు. ఆమె తాగుడు చివర్లో వచ్చి చేరింది. 1877లో పుస్తకంగా వచ్చిన ఈ నవలలో జెర్వేజ్ పారిస్‌లో బట్టలుతికి బతికే మనిషి. ఇళ్ల కప్పులకు రేకులు వేసే భర్త కూపో పైనుంచి పడతాడు. ఆస్పత్రికి పంపకుండా ఇంట్లోనే సాకడంతో దాచిన డబ్బంతా కరిగిపోతుంది. కోలుకున్నాక అతను పని ఎగ్గొట్టి సారాకొట్టు మరుగుతాడు. పొరుగింటి కమ్మరి గూజె ఇచ్చిన 500 ఫ్రాంకుల అప్పుతో ఆమె లాండ్రీ పెడుతుంది. బాకీలుండగానే విందు! వైన్ కోసం పట్టు గౌను తాకట్టు. పైగా ఆమె పాత ప్రియుడు లాంతియెని కూపోయే ఇంట్లో తెచ్చిపెడతాడు, ఇద్దరినీ ఆమే మేపాలి. నా మటుకు అసలు దెబ్బ ఇదే. చివరికి ఆమె మెట్ల కింద గూట్లో చచ్చిపోతే, వాసనొచ్చేదాకా ఎవరికీ తెలియదు.