ప్లాయా దెల్ కార్మెన్‌లో టాకోలు తినబోయే అమ్మాయికి

చి. ల. సౌ. అమ్మాయికి పెద్దమ్మ ఆశీస్సులు.

మీరిద్దరూ వచ్చే నెల డాలస్ నుండి మెక్సికోలోని ప్లాయా దెల్ కార్మెన్‌కు వెళ్తున్నారని నీ జాబు వల్ల తెలిసింది. అక్కడ టాకోలు, అంటే చిన్న మొక్కజొన్న రొట్టెలో మాంసమో చేపో పెట్టి మడిచి ఇచ్చేవి, తినే విషయంలో నీకు కొన్ని మాటలు ముందే చెప్పడం నా బాధ్యత అనిపించి వ్రాస్తున్నాను.

సముద్రానికి సమాంతరంగా సాగే ఐదవ అవెన్యూ పూర్తిగా పర్యాటకుల వీధి. గుమ్మంలో నిలబడి పిలిచే హోటళ్లను దాటుకుని, పదవ అవెన్యూ మీదుగా ముప్పయ్యవ అవెన్యూ వైపు నడవండి. అక్కడ అవెన్యూల అంకెలు ఐదేసి చొప్పున పెరుగుతాయి కనుక అది పెద్ద దూరమేమీ కాదు. ఊరిలో పనిచేసుకునే వాళ్లు నిలబడి తింటున్న చిన్న టాకో కొట్టు కనిపిస్తే అక్కడే ఆగండి.

నీవు కోడి, చేప తప్ప వేరే మాంసం ముట్టవు గనుక ఈ మాట శ్రద్ధగా చదువు. నిలువు కమ్మీకి పొరలుగా గుచ్చి, సెగ పక్కన తిప్పుతూ కోసి ఇచ్చే అల్ పాస్తోర్ పంది మాంసమే. లెబనాన్ నుండి వలస వచ్చినవారి షవర్మా నుండి అది పుట్టింది. జాఫ్రా గింజల ముద్ద, పుల్ల నారింజ రసం పట్టించి, అరిటాకులో చుట్టి మగ్గించే కొచినీటా పిబిల్ కూడా పందిదే. అల్లుడు మాత్రం దానిని ఉదయం పూట తప్పక తినాలి, ఆ ప్రాంతపు అసలు రుచి అదే. నీవు వారి స్పానిష్ భాషలో పోయో అంటే కోడి, పెస్కాదో అంటే చేప, కార్నె అంటే మాంసం అని గుర్తుంచుకో. "కార్నె వద్దు" అన్నంత మాత్రాన సరిపోదు, ఎందుకంటే ఆ మాటకు చాలామంది గొడ్డు మాంసమనే అర్థం చెప్పుకుంటారు. ఒక కొట్టులో చిక్కుడు గింజల ముద్దను సగం తిన్న తర్వాత అందులో పంది కొవ్వు ఉందని తెలిసి నేను ఎంతో బాధపడ్డాను. అందువల్ల "యేవా మాంతేకా?", అంటే పంది కొవ్వు వేశారా, అని ముందే అడుగు.

టాకోలు రెండేసి చొప్పున తెప్పించుకోండి. మొక్కజొన్నను సున్నపు నీటిలో ఉడికించి, నానబెట్టి, రుబ్బి చేసే ఆ రొట్టె వేడి చల్లారితే బిగుసుకుపోతుంది, దాని కమ్మదనమంతా పోతుంది. చేత్తోనే, తల కొంచెం పక్కకు వంచి తినాలి.

గుంటూరు కారం తిన్నవాళ్లమన్న ధీమాతో సాల్సా అనే వారి పచ్చడిని గరిటెడు పోసుకోవద్దు. మిరప పుట్టిల్లు ఆ దేశమే, అక్కడివారు వాడే హబనేరో అనే మిరప కారం మన ఎండుమిరపను మించినది. ఒక్క చుక్క నాలుక మీద వేసి చూసుకో. దాహానికి హమైకా పానీయం అడుగు; గోంగూర జాతి మొక్క కాయల చుట్టూ ఉండే ఎర్రని రేకులతో చేస్తారు, ఆ పులుపు నీకు ఇంటిని గుర్తుచేస్తుంది.

ధరల పట్టికలో కనిపించే డాలరు గుర్తే పెసోకు కూడా గుర్తు, కాబట్టి ఏ డబ్బులో చెబుతున్నారో కూర్చునే ముందే అడగండి. మీరు అడిగేవరకు బిల్లు తీసుకురారు, అది వారి మర్యాద. "లా కువెంతా, పోర్ ఫవోర్" అనండి, పదిహేను శాతం వరకు టిప్పు ఇవ్వండి. లేచి వచ్చేటప్పుడు పక్క బల్ల వారితో "ప్రొవేచో", అంటే తృప్తిగా తినండి, అనడం మరువవద్దు.

ఇట్లు,
పెద్దమ్మ