ఎవరికీ చెప్పనని ఒట్టు వెయ్యకు

అమ్మలూ,

నువ్వు రెసిడెన్షియల్ స్కూల్లో కౌన్సిలర్‌గా చేరుతున్నావని రాత్రి మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. మన ఇంట్లో నా తర్వాత ఈ పనిలోకి వస్తున్నది నువ్వే. సంతోషంతో పాటే గుబులు కూడా పట్టుకుంది, అందుకే పొద్దున్నే రాస్తున్నాను.

ఏ రోజు నోట్స్ ఆ రోజే రాసి, బీరువాకు తాళం వెయ్యి. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416, చైల్డ్ హెల్ప్‌లైన్ 1098 పిల్లలకు కనబడేలా గోడకు అంటించు. ప్రిన్సిపాల్ రూమ్ పక్కన గది ఇస్తామంటే ఒప్పుకోకు. క్లర్కు, అటెండరు, ఫీజు కట్టడానికొచ్చిన పేరెంట్స్ అందరూ చూస్తుండగా నీ తలుపు ఏ పిల్ల తడుతుంది?

ఇక నా అసలు భయం. ఎవరైనా కళ్లనీళ్లు పెట్టుకుంటే చాలు, వాళ్లేం అడిగినా సరేననే అలవాటు నీకు చిన్నప్పటి నుంచీ ఉంది. నాతో పనిచేసిన ఒకావిడా అంతే, వెన్నలాంటి మనసు. ఓసారి పదో తరగతి అమ్మాయి ఆవిడ ముందు కూర్చుని, చున్నీ అంచు వేలికి చుడుతూ విప్పుతూ, "ఎవరికీ చెప్పనంటేనే చెప్తా మేడమ్" అంది. ఆవిడ ఒట్టు వేసేసింది. సెలవులకు ఇంటికెళ్లినప్పుడల్లా దగ్గరి బంధువొకడు తనను ఏం చేస్తున్నాడో ఆ పిల్ల అప్పుడు చెప్పింది. పిల్లలపై లైంగిక నేరాలకు సంబంధించిన పోక్సో చట్టం 2012లోనే వచ్చింది. ఇలాంటిది తెలిసీ పోలీసులకు చెప్పకపోతే ఆరు నెలల వరకు జైలు. ఆవిడ చెప్పింది, చెప్పి తీరాలి కూడా. కానీ ఆ సంగతి అమ్మాయికి ముందుగా చెప్పలేదు. మహిళా పోలీసు వచ్చి కూర్చున్నాకే ఆ పిల్లకు తెలిసింది. "ఒట్టేశారుగా మేడమ్" అంది, అంతే. ఆ తర్వాత మాలో ఎవరితోనూ నోరు విప్పలేదు. హాస్టల్ వరండాలో ఎదురైతే తల తిప్పుకునేది. అప్పుడే కదా తల్లీ, దానికి మనం కావలసింది!

అందుకే పిల్లలు నోరు తెరవకముందే చెప్పు: "నీ మాట నా దగ్గరే ఉంటుంది. నీకు ఆపద ఉందనిపిస్తే మాత్రం ఇంకొకరికి చెప్పాల్సి వస్తుంది. ఎవరికి చెప్పేదీ ముందు నీకే చెప్తా." కొందరు లేచి వెళ్లిపోతారు. వెళ్లనివ్వు, తలుపు మాత్రం తీసి ఉంచు. చాలామంది మళ్లీ వస్తారు.

ఇంకో మాట. విశాఖలో నీట్ కోచింగ్ తీసుకుంటూ చనిపోయిన అమ్మాయి కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు, వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలోనూ కౌన్సిలర్ ఉండాలంది. మార్కుల్ని బట్టి బ్యాచ్‌లు విడదీయొద్దనీ అంది. రికార్డులో చూపించడానికే నిన్ను తీసుకుంటున్నారేమో కనుక్కో. అలాంటిచోట టీచర్ రాని క్లాసులకు పంపుతారు, వేసవిలో అడ్మిషన్ల కోసం ఇంటింటికీ తిప్పుతారు.

ఇంత చెప్పానని బెదిరిపోకు. నా దగ్గరికి ఏడో తరగతి బాబు ఒకడు వచ్చాడు. లెక్క నోటితో అడిగితే టక్కున చెప్పేవాడు, అదే లెక్క పుస్తకంలో చదవమంటే చెమటలు పట్టేవి. అందరూ మొద్దు అనేశారు. పరీక్షలు చేయిస్తే డిస్లెక్సియా, అంటే చదవడంలో వచ్చే ఇబ్బంది, అని తేలింది. వాళ్లమ్మ నా బల్ల మీద తల పెట్టుకుని, "వీణ్ణి ఎన్ని దెబ్బలు కొట్టానండీ" అని ఏడ్చింది. పదో తరగతి పరీక్షల్లో వాడికి అదనపు టైమ్ ఇప్పించాం, పాసయ్యాడు. ఇప్పటికీ పండగకి ఫోన్ చేస్తాడు. జీతం గురించి నన్నడక్కు కానీ, ఈ ఫోన్ల కోసమైనా నేను మళ్లీ ఈ పనే చేస్తాను.

ఆదివారం నాన్నతో రా. అపాయింట్‌మెంట్ ఆర్డర్ తెచ్చుకో. సంతకం పెట్టకముందు, అందులో నీ డ్యూటీలు ఏమని రాశారో ఇద్దరం కూర్చుని చదువుదాం.

ప్రేమతో,
మీ అత్తయ్య