దేవుడికి ఫొటో తీస్తే తప్పా?

ప్రశ్న: మా ఊరి గుడిలో నాలుగు పాత పంచలోహ ఉత్సవ విగ్రహాలున్నాయి. ఫొటోలు తీసి దాచిపెడదామంటే పెద్దలు ఒప్పుకోవడం లేదు. దొంగ ఎత్తుకుపోయాక ఫొటో ఏం చేస్తుంది అంటున్నారు. మీరేమంటారు?
– ఒక పాఠకుడు, పల్నాడు జిల్లా

జవాబు: మీ పెద్దలకు శ్రీపురంతాన్ నటరాజు సంగతి చెప్పండి. తమిళనాడులోని ఆ ఊరి గుడిలో 2006లో చోరీ జరిగింది. గుడి మూసి ఉండటంతో ఊళ్లోవాళ్లకు చాన్నాళ్లు తెలియనే లేదు. 2008లో కాన్‌బెర్రాలోని ఆస్ట్రేలియా నేషనల్ గ్యాలరీ అదే విగ్రహాన్ని 50 లక్షల అమెరికన్ డాలర్లకు కొంది. అమ్మిన పురాతన కళాఖండాల వ్యాపారి సుభాష్ కపూర్ చూపించిన కాగితాల్లో, ఎవరో సూడాన్ దౌత్యాధికారి దాన్ని 1970 ప్రాంతంలోనే ఢిల్లీలో కొన్నట్టుంది. విగ్రహం అసలుదే, కాగితాలే నకిలీ! ఇలాంటి పాత విగ్రహాలు దేశం దాటకుండా ఆపే మన పురావస్తు చట్టం 1972లో వచ్చింది కదా, అంతకుముందే దేశం దాటిందని నమ్మించడానికి ఆ ఏర్పాటు.

ఆ కథ కూలింది ఫొటోతోనే. పాండిచ్చేరి ఫ్రెంచ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు 1994లో ఆ గుడిలోనే విగ్రహాన్ని ఫొటో తీసి ఉంచారు. 1970లో అమ్ముడైంది 1994లో గుడిలో ఎలా ఉంటుంది? 2014లో నటరాజు ఇండియాకు తిరిగొచ్చాడు.

నేను మ్యూజియంలో ఫొటోగ్రాఫర్‌గా చేశాను. ఏ మ్యూజియమో అడక్కండి. ఒకసారి స్టోర్‌లో ఒక శిల్పం కనబడక రిజిస్టర్ తీశాం. ‘రాతి బొమ్మ – 1. పాతది.’ అంతే. ఎత్తు లేదు, ఫొటో లేదు. పోలీసులకు ఏం చెప్తాం, పాతదనా?

అభిషేకం అయ్యాక, అలంకరణ చేయకముందు తీయండి. పట్టుబట్టలు, పూలదండలు వేశాక ఏ దేవుడైనా ఒకేలా కనిపిస్తాడు. ఫ్లాష్ వద్దు, లోహం మెరిసి గీతలన్నీ పోతాయి. మండపం గుమ్మం దగ్గర పగటి వెలుతురు చాలు. పక్కన ఒక స్కేలు పెట్టండి. ముందు, వెనక, రెండు పక్కలు, పీఠం అడుగు... పూజారిగారినే తిప్పమనండి, మైల గొడవ రాదు. సొట్టలు, అతుకులు, విరిగిన వేలు దగ్గరగా తీయండి. నకిలీ పోత పోసేవాడు ముఖం బాగానే దించుతాడు, నలభై ఏళ్ల కిందటి సొట్ట మాత్రం మర్చిపోతాడు.

ఒక కాపీ దేవాదాయ శాఖ ఆఫీసులో ఇచ్చి రసీదు తీసుకోండి. ఊరి వాట్సాప్ గ్రూపులో మాత్రం పెట్టకండి.