న్యూరోసర్జరీ సీటు ఎంచుకునేటప్పుడు ఏం చూడాలి?

ప్రశ్న: హౌస్ సర్జన్సీ చేస్తున్నాను. మా అమ్మకు ముఖం ఒకవైపు అదురుతూ ఉండేది (హెమీఫేషియల్ స్పాజం). మైక్రోస్కోప్‌తో ఆపరేషన్ చేశాక తగ్గింది. అప్పటి నుంచి న్యూరోసర్జన్ కావాలని ఉంది. ఇప్పుడు ఎండోస్కోప్, ఎక్సోస్కోప్ కూడా వచ్చాయి కదా, అవి ఉన్న చోటే చేరాలా?

జవాబు: అమ్మగారు కోలుకున్నందుకు చాలా సంతోషం. పరికరాన్ని చూసి మాత్రం సీటు ఎంచుకోకండి. ఎందుకో ఆవిడకు జరిగిన ఆపరేషన్‌తోనే చెబుతాను.

ముఖ నరం మెదడు కాండం నుంచి బయటికొచ్చే చోట రక్తనాళం ఆనుకుని కొట్టుకుంటూ ఉంటే ఈ జబ్బు వస్తుంది. చెవి వెనక ఎముకలో చిన్న రంధ్రం చేసి, ఆ నాళాన్ని పక్కకు జరిపి, మధ్యలో టెఫ్లాన్ అనే మెత్తని పదార్థం అడ్డుగా పెడతారు. 1960ల్లో అమెరికా సర్జన్ పీటర్ జనెట్టా మైక్రోస్కోప్ కింద ఈ పని చేసి దారి చూపారు. మైక్రోస్కోప్‌లో లోతు బాగా తెలుస్తుంది, రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. కానీ చూపు సూటిగా పోయినంత మేరే కనిపిస్తుంది. నాళమేమో చాలాసార్లు నరం మొదట్లో, మలుపు చాటున ఉంటుంది. దాన్ని చూడాలని చిన్నమెదడును మరీ పక్కకు లాగితే, దగ్గరే ఉన్న వినికిడి నరం సాగి చెవుడు వచ్చే ప్రమాదం ఉంది.

ఎండోస్కోప్ అంటే లోపలికి పెట్టి చూసే సన్నని గొట్టం. అందులో 30 డిగ్రీలు పక్కకు చూసే రకం ఆ చాటును చూపిస్తుంది. ఇంకో నాళం మిగిలిందా, టెఫ్లాన్ సరిగ్గా కూర్చుందా అన్నది తెలుస్తుంది. అయితే మామూలు ఎండోస్కోప్‌లో బొమ్మ చదునుగా ఉంటుంది. పైగా ఇరుకు సందులో గొట్టం నడిభాగం దేనికి తగులుతోందో తెరమీద కనిపించదు. అనుభవం లేని చేతికి ఇది ప్రమాదకరం. ఎక్సోస్కోప్ అంటే రోగి తలకు బయటే, పైన ఉండే కెమెరా. సర్జన్ మెడ వంచకుండా 3డీ తెర చూస్తూ చేస్తారు, పక్కనున్న పీజీకి కూడా అదే దృశ్యం కనబడుతుంది. నేర్చుకునేవాళ్లకు ఇది నిజంగా మేలు. మలుపు చాటు మాత్రం దానికీ అందదు.

అందుకే చాలామంది మైక్రోస్కోప్‌తోనే చేస్తూ, అవసరమైన చోట ఎండోస్కోప్ పెట్టి చూసుకుంటారు. మీకు ముందు రావాల్సింది మైక్రోస్కోప్ కింద చెయ్యి వణకకుండా పనిచేయడం.

దారుల విషయానికొస్తే, నీట్ పీజీ రాసి ఎంఎస్ జనరల్ సర్జరీ చేసి, నీట్ ఎస్ఎస్ (సూపర్ స్పెషాలిటీ ప్రవేశ పరీక్ష)‌తో మూడేళ్ల సర్జరీ సూపర్ స్పెషాలిటీ డిగ్రీ అయిన ఎంసీహెచ్‌కు వెళ్లొచ్చు. నీట్ పీజీతోనే నేరుగా, జాతీయ పరీక్షల బోర్డు ఇచ్చే ఆరేళ్ల సూపర్ స్పెషాలిటీ కోర్సు డీఆర్ఎన్‌బీలో చేరొచ్చు. ఎయిమ్స్, నిమ్హాన్స్ లాంటి చోట్ల ఆరేళ్ల ఎంసీహెచ్‌కు ఆ జాతీయ సంస్థల ఉమ్మడి ప్రవేశ పరీక్ష ఐఎన్ఐ సెట్ రాయాలి. న్యూరోసర్జరీయే కావాలని మనసులో ఖాయమైతే ఆరేళ్ల కోర్సే మేలని నా అభిప్రాయం, రెండోసారి సీటు టెన్షన్ ఉండదు.

ఆప్షన్లు పెట్టే ముందు అక్కడి సీనియర్ పీజీలకు ఫోన్ చేయండి. ఏడాదికి ఇలాంటి కేసులు ఎన్ని వస్తాయి, మూడో ఏడు దాటిన పీజీ స్వయంగా ఏ దశ వరకు చేస్తాడు, సాధనకు ల్యాబ్ ఉందా, ఓటీలో (ఆపరేషన్ థియేటర్లో) వినికిడి నరాన్ని గమనించే న్యూరోమానిటరింగ్ ఉందా అని అడగండి. ఈలోగా మీ హాస్పిటల్లోనే న్యూరోసర్జరీ యూనిట్ చీఫ్ గారి అనుమతి తీసుకుని, కొన్ని కేసులు మొదటి నుంచి చివరిదాకా ఓటీలో నిలబడి చూడండి.