పాత బోటు కొనబోయే అల్లుడికి

చిరంజీవి అల్లుడికి మామ ఆశీస్సులు.

చెన్నై కాసిమేడులో నువ్వు బోటు చూసొచ్చావని, బేరం కుదిరేట్టుందని మీ అమ్మ చెప్పింది. అడ్వాన్సు ఇచ్చేముందు ఈ ఉత్తరం రెండుసార్లు చదువు. నువ్వు పొద్దున పోయి సాయంత్రం వచ్చే వేటకు కొనడం లేదు, పది రోజుల వేటకు కొంటున్నావు. ఒడ్డు పక్కన తిరిగే బోటులో చిన్న లోపం ఉంటే ఒక రోజు వేట పోతుంది. అదే లోపం అరవై మైళ్ల అవతల బయటపడితే ఎనిమిది మంది ప్రాణాల మీదికి వస్తుంది. అందుకని బోటును నీళ్లలోంచి పైకి లాగి ఒకసారి, పూర్తి బరువుతో సముద్రంలో నడిపి ఒకసారి చూడాలి. ఈ రెండూ కాకుండా రూపాయి ఇవ్వొద్దు.

చూడ్డానికి మంచి అదను వేట నిషేధం మొదటి వారం. ఏప్రిల్ 15న బోట్లు ఆగిపోతాయి, ఆ వెంటనే స్లిప్‌వే (బోట్లను ఒడ్డుకు లాగే వాలు గట్టు) ఎక్కుతాయి. అప్పుడే పైకొచ్చిన బోటు అడుగు ఉన్నదున్నట్టు కనబడుతుంది. జూన్ 14 దగ్గర పడేసరికి అన్నిటికీ కొత్త రంగు పడి ఉంటుంది, కింద ఏముందో తెలియదు. కొత్త రంగు బోటు తప్పదనుకుంటే, నువ్వు వేలు పెట్టి చూపిన నాలుగైదు చోట్ల గీకి చూపించమని అడుగు. ఒప్పుకోకపోతే తిరిగొచ్చెయ్.

చెక్క బోటైతే చిన్న సుత్తి, మొనదేలిన స్క్రూడ్రైవరు తీసుకెళ్లు. అడుగు దూలం దగ్గర మొదలుపెట్టి పలక పలకా తట్టుకుంటూ పో. గట్టి చెక్క ఖంగుమంటుంది, సుత్తి వెనక్కి ఎగురుతుంది. పుచ్చినది మొద్దుగా పలుకుతుంది, సుత్తి అక్కడే ఆగిపోతుంది. అలాంటి చోట స్క్రూడ్రైవరు గుచ్చు, అర అంగుళం దిగిందంటే ఆ పలక మార్చాల్సిందే. మేకుల చుట్టూ నల్లటి మచ్చ ఉంటే లోపల ఇనుము తుప్పు పట్టి చెక్కను తింటోందని అర్థం. ఒకటి రెండైతే సరే, వరసగా ఉంటే ఆ బోటుకు మేకుల పట్టు పోయింది. పలకల మధ్య దూది, గుగ్గిలం కొత్తగా కూరి ఉంటే సంతోషపడొద్దు, ఎందుకు కూరారో అడుగు. సముద్రపు పురుగు బయటికి సూదిబెజ్జమంతే కనిపిస్తుంది, లోపల వేలు పట్టేంత సొరంగం తొలుస్తుంది. అది ఎక్కువగా చేరేది నీటి గీత కింద, రంగు చెరిగిన అడుగు దూలంలో.

ఫైబరు బోటుకు అడుగున బొబ్బలు వెతుకు. ఒకదాన్ని పగలగొడితే పుల్లటి వాసనతో నీళ్లొచ్చాయంటే పొరల్లోకి నీరు దిగింది. ఇనుప బోటుకు అల్ట్రాసోనిక్ మీటరుతో రేకు మందం కొలిపించు. 6 మిల్లీమీటర్ల రేకు 4.5కి వచ్చిన చోట ముక్క మార్చాలి. ఐసు గది కింద, ఇంజను కింద తప్పకుండా కొలవాలి. ఉప్పునీరు, చేపల నీరు నిలిచేది అక్కడే.

తర్వాత బోటును నీళ్లలో నెట్టే ఫ్యాను, దాన్ని తిప్పే షాఫ్టు. ఇత్తడి ఫ్యాను రెక్కలు గులాబీ రంగు తిరిగాయంటే లోహంలోని జింకు కరిగిపోయింది, కొడితే విరుగుతుంది. షాఫ్టును చేత్తో పైకెత్తి చూడు, 2 మిల్లీమీటర్లు దాటి ఆడితే బేరింగు అయిపోయినట్టే. నీళ్లలో నడిచేటప్పుడు గ్లాండు దగ్గర, అంటే షాఫ్టు బోటు బయటికి పోయేచోట నీరు రాకుండా ప్యాకింగు కూరిన బిగింపు దగ్గర కూర్చో. నిమిషానికి నాలుగైదు చుక్కలు కారడం మంచిది, ప్యాకింగు చల్లగా ఉంటుంది. ఒక్క చుక్కా లేకుండా బిగించి ఉంటే షాఫ్టు అరిగిపోతోంది, చెయ్యి పెట్టలేనంత వేడి ఉంటుంది. ధారగా కారితే ప్యాకింగు మార్చమను. మార్చాక కూడా కారితే షాఫ్టుకు గాడి పడింది.

ఇంజను దగ్గర తొందరపడకు. నువ్వు వెళ్లేసరికి అది వేడిగా ఉంటే, చల్లగా స్టార్టు కాదన్న సంగతి దాస్తున్నారేమో అని అనుమానించు. చల్లగా ఉన్నప్పుడు డిప్‌స్టిక్ తీసి ఆయిలును రెండు వేళ్ల మధ్య రుద్దు. పాల టీ రంగుంటే నీరు కలిసింది, గరుకుగా తగిలితే లోహం అరుగుతోంది. గేరు బాక్సు ఆయిలూ అలాగే చూడు, మాడు వాసన వస్తే క్లచ్ ప్లేట్లు కాలుతున్నాయి. స్టార్టు అయ్యాక తెల్లపొగ కాసేపటికి పోవాలి. పోకుండా ఉంటే సిలిండరులోకి నీళ్లు వెళ్తున్నట్టో, ఇంజెక్టర్లు పాడైనట్టో. నీలిపొగ వస్తే ఆయిలు కాలుతోంది. నల్లపొగ బరువు మీద మాత్రమే వస్తే గాలి చాలడం లేదు, లేదా ఫ్యాను పెద్దదైంది. సముద్రంలో అరగంట పూర్తి జోరులో నడిపించు. తయారీదారు చెప్పిన ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) అందుకోవాలి, వేడి 85 డిగ్రీల దగ్గర నిలబడాలి, మెల్లగా ఎక్కుతూ పోకూడదు.

డీజిల్ ట్యాంకును చాలామంది చూడరు, నడిసముద్రంలో ఇంజన్లు ఆగిపోయేది ఎక్కువగా దానివల్లే. ఏళ్ల తరబడి అడుగున నీరు, బురద, తుప్పు చేరతాయి. హార్బరులో అవి కదలవు. అల లేచి బోటు ఊగిన రోజున అంతా కలిసి ఫిల్టరులో ఇరుక్కుంటుంది, నీకు ఇంజను ఎంతో అవసరమైన సమయంలో ఆగిపోతుంది. ట్యాంకు అడుగు కుళాయి తిప్పి గాజు సీసాలో లీటరు పట్టు, పది నిమిషాలు కదపకుండా ఉంచు. అడుగున నీటి పొర ఎంతుందో కనబడుతుంది. ట్యాంకు శుభ్రం చేయడానికి మూత లేకపోతే పెట్టించే ఖర్చు బేరంలో తగ్గించు. ఇంజను ఆపకుండా మార్చుకునేలా రెండు ఫిల్టర్లు పక్కపక్కన ఉండాలి.

లెక్క కూడా వేసుకో. 120 హెచ్‌పీ ఇంజను ప్రయాణంలో గంటకు 14 లీటర్లు, వల లాగేటప్పుడు 18 లీటర్లు తాగుతుందనుకో. అరవై మైళ్లు పోను రాను 7 నాట్ల (గంటకు 7 సముద్రపు మైళ్ల) మీద 17 గంటలు, దానికి 240 లీటర్లు. ఎనిమిది రోజులు రోజుకు 14 గంటల వేటంటే 2016 లీటర్లు. మొత్తం 2256 లీటర్లు. దానిమీద మూడో వంతు నిల్వ కలిపితే ట్యాంకు 3000 లీటర్లుండాలి. నీళ్లు ఎనిమిది మందికి రోజుకు పదేసి లీటర్ల చొప్పున 800 లీటర్లు. 45 అడుగుల బోటును 9 నాట్లు దాటించాలని చూస్తే డీజిలే తగలబడుతుంది, వేగం రాదు. అమ్మేవాడు ఎక్కువ వేగం చెప్తే పొంగిపోకు.

ఖాళీ బోటు నీళ్లలో పైకి తేలి అందంగా కనిపిస్తుంది. పక్కన పాత నీటి మరక ఎక్కడుందో చూడు, నిండుగా ఉన్నప్పుడు ఎంత మునిగేదో అదే చెప్తుంది. పైన క్యాబిన్ ఎత్తు పెంచారా, అడిగి తెలుసుకో. తాళ్లు వదులుచేసి, నలుగురు ఒక పక్క తొక్కి ఊపాక గడియారం పట్టు. కుడికి ఒరిగి, ఎడమకు పోయి, మళ్లీ కుడికి రావడానికి 5 మీటర్ల వెడల్పు బోటుకు 5 సెకన్ల దగ్గర పట్టాలి. 7 దాటి బద్ధకంగా లేస్తే అది తుఫాను గాలిలో తలకిందులయ్యే బోటు. ధర ఎంత తగ్గించినా అది వద్దు.

కాగితాల మాటకొస్తే, రిజిస్ట్రేషను నంబరు బోటు మీద, కాగితం మీద ఒకటే ఉందా, ఇంజను నంబరు సరిపోతోందా, బ్యాంకు అప్పు ఉందా చూడు. తమిళనాడు బోటు కాబట్టి అక్కడి మత్స్యశాఖ నిరభ్యంతర పత్రం లేకుండా మన జిల్లాలో పేరు మారదు. పేరు మారకపోతే డీజిల్ రాయితీ, బీమా ఏవీ రావు. వీహెచ్‌ఎఫ్ సెట్టు (బోటు రేడియో) పనిచేస్తుందో లేదో మాట్లాడి చూడు, ఆపదలో పిలిచే పదహారో ఛానల్ అందుతోందో చూడు. లైఫ్‌ జాకెట్లు మనిషికొకటి ఉండాలి. కోస్ట్‌గార్డ్ నంబరు 1554 క్యాబిన్‌లో పెద్దక్షరాలతో రాయించు.

బోటు ధరలో నాలుగో వంతు డబ్బు చేతిలో ఉంచుకో. పాత బోటు మొదటి ఏడాదిలో అంత మింగుతుంది, పైగా ఆ ఖర్చులన్నీ ఒకేసారి వచ్చిపడతాయి. అది లేకుండా ఉన్నదంతా పోసి కొంటే మొదటి రిపేరుకే వడ్డీకి పోతావు.

ఈసారి వెళ్లేటప్పుడు జువ్వలదిన్నె నుంచి ఇంజను తెలిసిన సరంగును (బోటు నడిపేవాణ్ని) ఒకర్ని వెంటబెట్టుకుపో. బండి ఎక్కేముందు ఓనరుకు ఫోన్ చేసి, మేం వచ్చేదాకా ఇంజను ముట్టుకోవద్దని గట్టిగా చెప్పు. దిగీ దిగగానే ఇంజను బ్లాకు మీద చెయ్యి పెట్టి చల్లగా ఉందో లేదో చూడు.

ఇట్లు,
మీ మామ