జపాన్ పల్లెల్లో విదేశీ ఉపాధ్యాయులు ఎలాంటి తమాషా పొరపాట్లు చేస్తుంటారు?

1987లో జపాన్ ప్రభుత్వం మొదలుపెట్టిన జెట్ (JET) అనే కార్యక్రమం ద్వారా వేలమంది విదేశీయులు జపాన్ బడులలో సహాయోపాధ్యాయులుగా చేరారు. వారిలో చాలామందికి మారుమూల ఊళ్లే దక్కాయి. అక్కడ అన్నిటికంటే ఎక్కువగా నవ్వు తెప్పించేది చెప్పుల వ్యవహారమే. గుమ్మంలో బూట్లు విడవడం మనకూ అలవాటే గానీ, అక్కడ ఇంటి లోపల నడవడానికి ఒక జత, మరుగుదొడ్డికి వేరే జత ఉంటాయి, నేలంతా పరిచే తతామీ అనే గడ్డి చాపల మీద ఏ జతా పనికిరాదు. కొత్తగా వచ్చిన ఉపాధ్యాయుడు మరుగుదొడ్డి చెప్పులతోనే భోజనాల గదిలోకి వచ్చేస్తే, అందరి చూపులూ అతని కాళ్ల మీదే నిలుస్తాయి.

స్నానానిదీ అలాంటి కథే: ముందు బయట ఒళ్లు రుద్దుకుని తొట్టిలో దిగాలని తెలియక, ఇంటిల్లిపాదీ వాడుకోవలసిన వేడినీళ్లలో సబ్బు కలిపి, చివరికి ఆ నీళ్లన్నీ వదిలేసేవారున్నారు.

మాటల్లోనైతే, పక్కింటి పసిబిడ్డను ‘కవాయీ’ (ముద్దుగా ఉంది) అనబోయి ‘కొవాయ్’ (భయమేస్తోంది) అనేస్తారు. ఇక చెత్త సంగతి: రకాలవారీగా సరిగ్గా వేరుచేయని సంచిని చెత్త తీసుకెళ్లేవారు ముట్టరు, అది తప్పు తెలిపే చీటీ అంటించుకుని అక్కడే మిగిలిపోతుంది. చిన్న ఊరు కనుక అది ఎవరిదో అందరికీ తెలుసు. అయినా చాలాచోట్ల ఇరుగుపొరుగువారు కోప్పడకుండా, దగ్గర కూర్చుని ఓపిగ్గా నేర్పుతారు.